ఆఖరి కందకంలో పిలుపు

పని సవ్యంగా జరుగుతున్నప్పుడు చెప్పుకోవడానికి మా పల్లపు మనుషుల దగ్గర ఒక్క మాటైనా ఉండదు. మూతి ముడిచి తల ఊపుతారు, అంతే. పని చెడిందా, ఇక మాటలకు కరువే లేదు. తాడు కొసకు వచ్చామంటారు. చేతిలో ఉన్న చివరి పాచిక కూడా వేసేశామంటారు. గడ్డిపోచ పట్టుకుని ఉన్నామంటారు. అన్నిటికంటే ఎక్కువగా "ఆఖరి కందకంలో ఉన్నాం" అంటారు. ఇంగ్లండులో మిగతా వాళ్లకు అది ఉత్త మాట, మాకు మాత్రం అదొక చోటు. పొలాల్లోంచి నీరు లాగడానికి తవ్విన కందకాలన్నీ దాటాక, నది గట్టు కిందుగా, అటు తర్వాత ఇంకేమీ లేనిది ఆఖరి కందకం. వరదొస్తే ఊరంతా పారలు పట్టుకుని చివరికి నిలబడేది అక్కడే.

ఓబెద్ కనిపించకుండా పోయిన వారంలో ఆ మాటలన్నీ నా చెవిన పడ్డాయి. నేను రేవులో పడవ దాటించేదాన్ని, పేరు దోర్కస్. పడవెక్కిన ప్రతివాడూ దిగేలోపు ఒక నిట్టూర్పు విడిచి పోయేవాడు. "ఇంకెక్కడి ఆశ దోర్కసక్కా, తాడు కొసకొచ్చేశాం" అన్నాడొకడు. "నోటితో తాడు పేనింది చాలు, పోయి కొక్కెం పట్టుకుని వెతుకు" అన్నాను. నాకు అంత ఒళ్లు మండింది.

ఓబెద్ మలుగులు పట్టేవాడు. పాములాంటి ఆ చేపే మాకు తిండి, సంతలో అమ్ముకునే సరుకూ అదే. ఎగువన మంచు కరిగి నది పొంగిన రోజు పొద్దున్నే, బుట్టలు కొట్టుకుపోకముందే ఎత్తుకొస్తానని వెళ్లాడు. మధ్యాహ్నానికి అతని పడవ బోర్లాపడి నా రేవుకు కొట్టుకొచ్చింది. మనిషి మాత్రం రాలేదు.

వెతకని తీరు లేదు. కొక్కేలేసి గాలించారు. వల అడుగంటా దించి లాగారు. జేబెజ్ ముసలాడు బాతులు కొట్టే తుపాకి తెచ్చి నీళ్ల మీద పేల్చాడు. ఆ అదురుకు అడుగున ఉన్నది పైకి తేలుతుందని మావాళ్ల నమ్మకం. తేలింది మాత్రం బాతులే. వాటిని ఇంటికి పట్టుకుపోయి వండుకున్నాడు కూడా, సిగ్గులేని మనిషి. ఇంతలో గాలి ఉత్తరానికి తిరిగింది. కందకాల అంచుల్లో నీరు సన్నగా గాజుపెంకులా గడ్డ కట్టడం మొదలైంది. అప్పుడు నేను ఓబెద్ ఇంటికి వెళ్లాను.

నేను వెళ్లేసరికి కెటూరా పిండి పిసుకుతోంది. ఓబెద్ తల్లి ఆమె, నా ఈడుదే. చిన్నప్పుడు గడ్డకట్టిన కందకాల మీద ఇద్దరం చేతులు పట్టుకుని జారిన వాళ్లం. ఆమె మొహం చూడగానే నాకు తెలిసిపోయింది, ఆ రొట్టె తినడానికి కాదు.

"వదిలేస్తున్నావా, కెటూరా?" అన్నాను.

"రేపో ఎల్లుండో నీళ్లు బిగుసుకుపోతాయే దోర్కస్. మళ్లీ ఎండలొచ్చేదాకా తెరుచుకోవు. అప్పటిదాకా మలుగులు నా బిడ్డను మిగలనిస్తాయా?"

మా దగ్గర మునిగినవాడి ఒళ్లు దొరక్కపోతే చేసే చివరి పని ఇది. రొట్టెకు మధ్యలో గుంట తీసి, అందులో పాదరసం పోసి, పైన కొవ్వొత్తి నిలబెట్టి నీళ్ల మీద వదులుతారు. అది తేలుకుంటూ పోయి మనిషి ఉన్నచోట ఆగుతుంది. కానీ రొట్టె వదిలారంటే ఇంటివాళ్లు ఆ మనిషికి నీళ్లొదులుకున్నట్టే లెక్క. అందుకే ఎవరూ తొందరపడి పిండి ముట్టుకోరు.

పొయ్యి దగ్గర ముక్కాలిపీట మీద లవీనా కూర్చుని ఉంది. ఓబెద్ పెళ్లాం, మెరక ఊరి పిల్ల, కడుపుతో ఉంది. మా పద్ధతులు ఆ పిల్లకు తెలియవు, తెలుసుకోవాలన్న సరదా కూడా ఎప్పుడూ చూపలేదు.

"ఆ రొట్టె వదిలితే ఆయన చచ్చిపోయాడని మనమే ఒప్పుకున్నట్టంట కదత్తా. నేను ఒప్పుకోను" అంది.

"ఒప్పుకోకు తల్లీ. నీ బదులు నేను ఒప్పుకుంటున్నా" అంది కెటూరా. కన్నీళ్లు పిండిలో పడుతున్నాయి, వాటినీ కలిపి పిసికేస్తోంది.

అంతలో జేబెజ్ వచ్చాడు. అతను నీరు తోడే గాలిమర దగ్గర కాపలా ఉండేవాడు, చెవులదాకా టోపీ, నడుముకు గసగసాల కాయల కషాయం సీసా. వానొస్తుందో రాదో చెప్పే గాజుగొట్టం ఒకటి అతనికి ప్రాణం, గోడకు తగిలించుకుని రోజూ దానితో కబుర్లు చెప్పేవాడు. ఇప్పుడు దాన్ని పసిబిడ్డను తెచ్చినట్టు గుడ్డలో చుట్టి తెచ్చాడు. ఊళ్లో పాదరసం ఉన్నది అందులోనే.

"మా అయ్య ఇచ్చింది. ఒక్కనాడూ తప్పు చెప్పలేదు" అన్నాడు.

"చెప్పి ఏం లాభం? వానొస్తుందని తెలిసి కూడా తీగ మీద బట్టలు ఒక్కనాడైనా తీశావా?" అన్నాను నేను. ఏడుపు ఆపుకోవడానికి నాకు తెలిసిన దారి అదొక్కటే.

జేబెజ్ గొట్టాన్ని పొయ్యిగట్టు మీద కొట్టి పగలగొట్టాడు. పాదరసం గిన్నెలోకి జారి, ఒక ముద్దగా చేరి, అటూ ఇటూ కదిలి ఆగిపోయింది.

బయలుదేరే ముందు కెటూరా కోడలి రెండు చేతులూ పట్టుకుంది. "ఒకటి చెప్తా విను. రొట్టె నీళ్ల మీద ఉన్నంతసేపూ నీళ్లలోంచి ఏం పిలిచినా పలక్కూడదు. ఎవరి గొంతుతో పిలిచినా సరే."

"పిలవడమేంటి?"

"మీ మావ అట్టాగే పోయాడు. వాళ్ల తమ్ముడి కోసం రొట్టె వదిలిన రోజున నీళ్లలోంచి తమ్ముడి గొంతు 'అన్నా' అంది. ఈయన ఉండబట్టలేక 'ఆఁ' అన్నాడు. అంతే. అప్పట్నించీ పొగమంచు పట్టిన రోజల్లా పిలుపే. కట్టేశాం. ప్రార్థనలు చేయించాం. ఒకరోజు పట్టపగలు, కంచం ముందు నుంచి లేచి కందకంలోకి నడిచిపోయాడు. ఆయన దిగాక పిలుపు ఆగింది. దానికి ఒక్కరు చాలు." కోడలి పొట్ట వైపు చూసింది. "నా ముందు ప్రమాణం చెయ్యి."

లవీనా చేసింది. నమ్మి చేయలేదని ఆ మొహం చూస్తేనే తెలుస్తోంది.

పడవలో నలుగురం. నేను గడవేస్తున్నాను, జేబెజ్ ముందు కూర్చున్నాడు, అత్తాకోడళ్లు మధ్యలో. కెటూరా వంగి రొట్టెను నీళ్ల మీద పెట్టి, కొడుకు పేరు మెల్లగా చెప్పి చెయ్యి తీసేసింది. రొట్టె కాసేపు అక్కడే తిరిగింది. తర్వాత వాలుకు ఎదురు బయలుదేరింది.

నేను పుట్టినప్పటి నుంచి ఆ నీళ్ల మీదే ఉన్నాను. వాలుకు ఎదురు పోయే వస్తువును చూడలేదు. గాలి మా మొహాన కొడుతోంది, జేబెజ్ టోపీ ఎగిరిపోతోంది, కొవ్వొత్తి మంట మాత్రం కదలకుండా నిలువుగా ఉంది. రెల్లు పొదల దగ్గర ఎప్పుడూ గోల చేసే బెగ్గురు పిట్టలు మేము దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి. కందకాల్లోంచి పొగమంచు లేచి మా మోకాళ్లదాకా వచ్చింది. రొట్టె నదిలోంచి పక్కకు తిరిగి, లాకు దాటి, ఆఖరి కందకంలోకి మళ్లింది.

"అక్కడ లోతే ఉండదే" అని గొణిగాడు జేబెజ్.

గట్టు అడుగున, అటు నదికీ ఇటు కందకానికీ మధ్య, ఇటుకల తూము ఒకటి ఉంది. పాతకాలంది, ఆవిరి పంపులొచ్చాక దాన్ని వాడటం మానేశారు. దాని ఎదురుగా రొట్టె ఆగింది. జేబెజ్ గడకర్ర దించి చూశాడు. మోకాలి లోతు. అడుగున మెత్తటి బురద తప్ప ఏమీ తగల్లేదు. చుట్టూ పొడిచి చూశాడు, ఏమీ లేదు.

అప్పుడు పిలిచింది.

"లవీనా."

ఓబెద్ గొంతు. అందులో సందేహం లేదు, వాడికి పాలుపట్టిన వాళ్లలో నేనూ ఒకదాన్ని. తూములోంచి కాదు, రొట్టె కింద నుంచి, నీళ్లలోంచి వచ్చింది. నాకు అబద్ధాలాడే అలవాటు లేదు, ఉంటే రేవులో ఇంతకంటే బాగా బతికేదాన్ని. అందరం విన్నాం.

"లవీనా, చలేస్తోంది. ఎక్కడున్నావు?"

లవీనా లేవబోయింది. కెటూరా ఆ పిల్లను ఒడిసి పట్టుకుని నోటి మీద అరచెయ్యి అదిమింది. జేబెజ్ టోపీని చెవుల కిందికి లాక్కుని కళ్లు మూసుకున్నాడు.

"అమ్మా" అంది ఆ గొంతు. "అమ్మా, నువ్వైనా పలకవే."

కెటూరా మొహం అప్పుడు ఎలా ఉందో చెప్పడం నా వల్ల కాదు. పెదవి పళ్ల మధ్య నలిగి నెత్తురొచ్చింది. చెంపల మీద నీళ్లు ధారగా కారుతున్నాయి. పలకలేదు. కోడలి నోటి మీద చెయ్యి కూడా తీయలేదు. "వాడు కాదు" అన్నట్టు మా వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

లవీనా ఆ అరచేతిని కొరికేసింది. కెటూరా కెవ్వుమంది. "ఇక్కడున్నా! ఓబెద్, ఇక్కడే ఉన్నా, వస్తున్నా!" అని లవీనా అరిచిన అరుపు గట్టుకు కొట్టుకుని తిరిగి వచ్చింది.

కొవ్వొత్తి ఆరిపోయింది. రొట్టె రాయిలా మునిగిపోయింది. చుట్టూ ఏ చప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దంలో తూము లోపల్నుంచి టక్, టక్ అని ఇటుక మీద ఇనుము కొట్టిన చప్పుడు సన్నగా వినపడింది.

ఇక చూడండి మా హడావుడి. జేబెజ్ ముసలితనం మర్చిపోయి నీళ్లలోకి దూకాడు. తూము నోటికున్న కుళ్లిన తలుపు చెక్కలు కాళ్లతో తన్ని విరగ్గొట్టాం. లోపల నీటికి పైన ఇటుకల అరుగులాంటిది ఉంది, దాని మీద ఓబెద్ ముడుచుకుని ఉన్నాడు. ఒక కాలు తలుపు దూలాల మధ్య నలిగి ఇరుక్కుపోయింది. కింది దవడ విరిగి వాచి, మెడకు చుట్టుకునే ఉన్ని గుడ్డతో తలకు కట్టుకుని ఉంది. చేతిలో బుట్టల కొక్కెం. కళ్లు తెరిచి ఉన్నాయి, మమ్మల్ని చూశాయి. బతికే ఉన్నాడు.

ఆ రోజు ఊళ్లో ఏడవని వాళ్లు లేరు, తాగని వాళ్లూ లేరు. ఈలీ పట్నం నుంచి ఎముకలు కట్టేవాణ్ని పిలిపించారు. అతను కాలికి చెక్కలు కట్టి, దవడ బిగించి కట్టి, వసంతం దాకా మాట్లాడితే ఊరుకోనని చెప్పి పోయాడు. గొట్టంతో సూప్ తాగుతూ ఓబెద్ మంచం మీద ఉన్నాడు. కెటూరా ఆ మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని "నేను పలకలేదు నాయనా. నీ గొంతు విని కూడా నేను పలకలేదు" అని అదే మాట అనుకుంటూ ఏడ్చింది. అతను ఏదో చెప్పాలని చెయ్యి ఊపాడు. కళ్లు అటూ ఇటూ తిప్పాడు. క్షమించానంటున్నాడని మేమనుకున్నాం.

లవీనా ఊరుకుంటుందా? "నీ మాట విని ఉంటే ఈపాటికి ఆయన మలుగుల కడుపులో ఉండేవాడు" అని అత్తను రోజుకోసారి పొడిచేది. నేనూ ఆ పిల్ల పక్షమే మాట్లాడాను, మన పిచ్చి నమ్మకాల వల్ల బతికున్న మనిషిని చంపబోయామని రేవులో ప్రతివాడికీ చాటాను. జేబెజ్ అయితే కొత్త గాజుగొట్టం ఎవరు కొనిస్తారో తేల్చమని ఇంటింటికీ తిరిగాడు. కెటూరా ఎవరికీ ఎదురు చెప్పలేదు. మనిషి ఎండి చిన్నదైపోయింది.

చలి విరిగాక ఒక ఆదివారం దవడ కట్టు విప్పారు. బల్ల చుట్టూ అందరం కూర్చున్నాం, మలుగు పులుసూ ఉడకబెట్టిన పిండి ఉండలూ పెట్టింది కెటూరా. మొదటి మాట ఎవరితో మాట్లాడతాడా అని ఎదురు చూస్తున్నాం. ఓబెద్ దవడను అటూ ఇటూ కదిపి చూసుకున్నాడు. పెళ్లాం వైపు తిరిగాడు.

"లవీనా, ఆ రోజు నువ్వు ఎవరికి పలికావు?"

"ఎవరికేంటి? నీకే" అని నవ్వింది ఆ పిల్ల.

"నాకు నోరే తెరుచుకోలేదు. పడవ తిరగబడి తూములోకి కొట్టుకుపోయినప్పుడే దూలం తగిలి దవడ విరిగింది. మూలుగు తప్ప మాట రాలేదు నాకు." ఒక్కో మాటా కూడబలుక్కుంటున్నాడు. "అది నా పక్కన నీళ్లలో ఉంది. నేను మనసులో అనుకుంటున్న పేర్లు అది పైకి అనేది. మొదట్లో సరిగ్గా అనడం రాలేదు దానికి. నీ పేరు చాలాసార్లు తప్పుతప్పుగా అంది. తర్వాత్తర్వాత బాగా నేర్చుకుంది. మీ పడవ వచ్చేసరికి అది అచ్చం నాలాగే పిలుస్తోంది. వద్దు, పలకొద్దు అని చెప్దామని ఇటుక మీద కొడుతూనే ఉన్నా."

జేబెజ్ చేతిలో చెంచాలోంచి పులుసు కంచంలోకి కారిపోతోంది. లవీనా లేచి వచ్చి, ఎవరి పక్కనా కాదు, అత్త పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ అరచేతిలో పంటిగాటు మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది.

ఆ తర్వాత పొగమంచు పట్టిన మొదటి రోజునే పిలుపు వచ్చింది. వాళ్ల ఇంటి వెనక రెండు పొలాలు దాటితే ఆఖరి కందకం. అక్కణ్నించి స్పష్టంగా, "లవీనా" అని. ఓబెద్ ఎదురుగా కూర్చుని రొట్టె నములుతున్నాడు. లవీనా కుట్టుపని పక్కన పెట్టి, ఎవరో ఇరుగుపొరుగు పిలిస్తే వెళ్తున్నట్టు లేచి తలుపు తీసింది. "ఎక్కడికే?" అని ఓబెద్ రెక్క పట్టుకుని గుంజితేగానీ ఈ లోకంలోకి రాలేదు.

చేయని ప్రయత్నం లేదు. తలుపు గడియకు తాళం వేశారు. పాస్టరుగారు కందకం గట్టు మీద నిలబడి ప్రార్థన చేశారు, ఆయన ఆమెన్ అనేలోపే ఆయన వెనక నీళ్లు "లవీనా" అన్నాయి. ఓబెద్ ఆ పిల్ల నడుముకు తాడు కట్టి రెండో కొస తన మణికట్టుకు కట్టుకున్నాడు. మెరక ఊళ్లో పుట్టింటికి పంపారు, అక్కడ కందకాలే లేవు కదా అని. గుర్రాల తొట్టిలోంచి పిలిచిందట. వాళ్లమ్మ హడలిపోయి మర్నాడే బండెక్కించి వెనక్కి పంపింది.

లవీనా నెలలు నిండుతున్న కొద్దీ చిక్కిపోయింది. "దోర్కస్ పిన్నీ, నాకు తెలుసు అది ఆయన కాదని. తెలిసీ కాళ్లు ఆగవు. ఒకరోజు నేను వెళ్లిపోతాను. బిడ్డ పుట్టాక వెళ్తే బాగుండు, అంతే" అంది నాతో. ఎప్పుడూ మాట పడని పిల్ల అలా అంటుంటే నా గుండె తరుక్కుపోయింది. రేవుకు తాళం వేసి, ఆ ఇంట్లోనే ఉండి కాపలా కాయడం మొదలుపెట్టాను.

ఒకనాడు బట్టలు ఉతుకుతూ కెటూరా అడిగింది. "ఆ రోజు పడవలో అది నన్ను కూడా పిలిచింది కదే? అమ్మా అని?"

"పిలిచింది."

"నేను పలకలేదు కదా."

"నోరు కుట్టేసుకున్నట్టు కూర్చున్నావు. ఇప్పుడెందుకవన్నీ?"

"ఏం లేదు. నాకే సరిగ్గా గుర్తులేక" అంది. ఉతికిన బట్ట పిండి, దులిపి, తీగ మీద ఆరేసింది. నాకు అప్పుడైనా తట్టొద్దూ? తట్టలేదు.

పురుడు ఇవాళో రేపో అన్నప్పుడు వచ్చింది ఆ పొగమంచు. మిట్టమధ్యాహ్నం, అయినా ఎదురుగా ఉన్న చెట్టు కనపడటం లేదు. కెటూరా పొయ్యి దగ్గర పులుసు కలుపుతోంది. ఓబెద్ పెరట్లో బుట్ట అల్లుతున్నాడు. లవీనా మంచం మీద పడుకుని ఉంది, నేను పక్కనే ఉన్నాను. పిలుపు వచ్చింది. ఎప్పుడూ లేనంత దగ్గరగా, ఎప్పుడూ లేనంత ప్రేమగా.

ఆ పిల్ల లేచిన విసురుకు నేను గోడకు కొట్టుకున్నాను. మంచానికి కట్టిన తాడు ఎప్పుడు విప్పుకుందో తెలియదు. నిండు చూలాలు, ఆ పొలాల మీద పరిగెత్తిన తీరు చూస్తే ఎవరూ నమ్మరు. నేను పడుతూ లేస్తూ వెళ్లి కందకం అంచున నడుము పట్టుకున్నాను. అయినా నన్ను ఈడ్చుకుపోతోంది. నా మడమలు బురదలో రెండు చాళ్లు గీశాయి. "ఓబెద్! రారా!" అని అరిచాను. ఎక్కడో వెనక పొగమంచులో చంకకర్ర టకటకమంటోంది. పాపం, అతను ఎంతని పరిగెత్తగలడు?

"లవీనా. రా, లవీనా."

మా పక్క నుంచి కెటూరా నడిచి వెళ్లింది. పరిగెత్తలేదు. చేతిలో ఇంకా గరిటె ఉంది. అంచున నిలబడి, గరిటెను గడ్డి మీద పెట్టి, చేతులు తుడుచుకుంది.

"ఆ పిల్లను వదిలెయ్. ఆ రోజు నన్ను కూడా పిలిచావు, నేను పలకలేదు. ఇప్పుడు పలుకుతున్నా. ఏంటి నాయనా?" అంది.

నా చేతుల్లో లవీనా ఒళ్లు ఒక్కసారిగా వదులైపోయి, బరువంతా నా మీద పడింది. ఇద్దరం బురదలో కూలబడ్డాం. ఆ పిల్ల నా మొహంలోకి చూసి, నిద్రలేచిన దానిలా "పిన్నీ" అని ఏడ్చింది. నొప్పులు మొదలయ్యాయి. నేను ఆమెను వదిలి లేవలేకపోయాను.

"అమ్మా" అంది కందకం.

"అమ్మా, ఆగు!" అని వెనక నుంచి ఓబెద్.

ఒకటే గొంతు, రెండు వైపులా. కెటూరా మెట్టు దిగబోతున్నదల్లా ఆగింది. నీళ్లు మళ్లీ పిలిచాయి, ఎంతో ఆశగా. ఓబెద్ మళ్లీ పిలిచాడు, రొప్పుతూ, చంకకర్ర జారి పడిపోయిన చప్పుడుతో సహా. ఆమె రెండూ విన్నది. ఏది ఏదో ఆమెకు తెలుసు, ఆ విషయంలో నాకు ఈ రోజుకీ అనుమానం లేదు. కొడుకున్న వైపే తిరిగింది.

"పొయ్యి మీద పులుసు మాడిపోతుంది, పోయి దించు. లవీనాకు వేడినీళ్లు పెట్టు. నువ్వు ఇటు రాకు, కాలు జారుతుంది" అంది, రోజూ చెప్పే గొంతుతోనే.

తర్వాత నీళ్ల వైపు తిరిగి, "వస్తున్నా, వస్తున్నా" అంటూ దిగింది. జేబెజ్ గడకర్ర దించి చూసిన చోటే అది, మోకాలి లోతు. ఆమె నడుముదాకా దిగింది. భుజాలదాకా దిగింది. తెల్లటి తలగుడ్డ కాసేపు కనపడింది, దాని మీదికి పొగమంచు కమ్ముకుంది. ఓబెద్ మోచేతుల మీద పాక్కుంటూ అంచుకు వచ్చి, నీళ్లలోకి చెయ్యి పెట్టి వెతికాడు. బురద తగిలింది.

నీళ్లలోంచి వచ్చే "అమ్మా" ఆగిపోయింది. గట్టు మీద నుంచి వచ్చేది మాత్రం, ఇంట్లో బిడ్డ పుట్టి కేర్‌మన్న తర్వాత కూడా, చాలాసేపటిదాకా ఆగలేదు.